గొంతులో వెలక్కాయ

తెలుగు పాఠాలు చెప్పుకునేవాళ్ళకు జాతీయాల మీద మమకారం కాస్త ఎక్కువ. "గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు" అనే జాతీయాన్ని నేను మదనపల్లెలో ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. ప్రతి ఏడూ అదే అభినయం. గొంతు పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి, కక్కలేక మింగలేక ఉన్నట్టు నిలబడతాను. పిల్లలు నవ్వుతారు. అర్థం మాత్రం ఎన్నటికీ మరచిపోరు.

కిందటేడు ఆశ్వయుజ మాసంలో ఒక సాయంత్రం ఆ వెలక్కాయ నిజంగానే వచ్చి నా గొంతులో కూర్చుంది.

పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. గొంతు గుంటకు కొంచెం పైన ఏదో ఉన్నట్టు తోచింది. గుటక వేశాను. కదల్లేదు. సకిలించాను. పోలేదు. మంచినీళ్ళు తాగితే అవి హాయిగా దిగిపోయాయి. గ్లాసు కింద పెట్టేసరికి అది మళ్ళీ తన చోట తాను ఉంది. నొప్పి లేదు, జ్వరం లేదు, దగ్గు లేదు. ఒక ఉండ, అంతే. రాత్రి నిద్రలో పోయేది, పొద్దున లేచి దాన్ని తలుచుకోగానే తిరిగి వచ్చేది.

ఒక వారం ఎవరికీ చెప్పలేదు. రెండో వారంలో స్టాఫ్‌రూములో నోరు జారాను. ఇంకేముంది! మనదేశంలో వైద్యుడు కానివాడు ఎవడు? ఒకరు తేనె, మిరియాలు అన్నారు. ఒకరు థైరాయిడ్ అన్నారు. ఒకరు దిష్టి అన్నారు. రసాయనశాస్త్రం చెప్పే మిత్రుడు "మీరు తెలుగువాళ్ళు, గొంతు చించుకుని పద్యాలు చదువుతారు, రాక ఏం చేస్తుంది?" అన్నాడు. మా పొరుగింటి ముసలాయన మాత్రం గొంతు తగ్గించి "ఎందుకైనా మంచిది, ఒకసారి ఆరోగ్యవరం పోయి చూపించుకోమ్మా" అన్నాడు.

మదనపల్లె పాతకాలపువాళ్ళ మాట అది. 1915లో డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ అనే డేనిష్ వైద్యుడు పెద్దగా ఉండి ఆరోగ్యవరంలో క్షయరోగుల శానటోరియం తెరిచిన నాటి నుంచీ, ఛాతీలోగాని గొంతులోగాని ఏ తేడా వచ్చినా ఈ ఊరివాళ్ళకు ముందు తోచేది అదే. క్షయ గొంతుకు పాకడం కద్దు. మందులు లేని ఆ కాలంలో గొంతు క్షయ వచ్చినవాళ్ళను శానటోరియాలలో నెలల తరబడి మాట్లాడవద్దనేవారు. మౌనమే చికిత్స. పాఠం చెప్పి బతికేదాన్ని, ఆ మాట వింటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. రవీంద్రనాథ ఠాకూరు 1919 ఫిబ్రవరిలో వచ్చి "జనగణమన" పాడి, ఇంగ్లీషులోకి అనువదించి ఇచ్చిన ఊరు ఇది. అలాంటి ఊళ్ళో నా గొంతు మూగబోతుందా అని బెంగపట్టుకుంది.

కాని నా అసలు భయం క్షయ కాదు. అది పుంగనూరులో ఉంది. దాని పేరు మా చిన్నమ్మ.

చిన్నమ్మ కథ

మా అమ్మకు చెల్లెలు. పుంగనూరులో అమ్మా వాళ్ళ ఇంటికి రెండు వీధుల అవతల ఉండేది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, అంటే ఇరవై ఏళ్ళ కిందట, ఆమెకు నలభై ఆరేళ్ళు. "గొంతులో ఏందో అడ్డం పడినట్టు ఉండాది మే" అని మొదలుపెట్టింది. వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన నాలుక చూసి, టార్చిలైటు వేసి, "ఏమీ లేదు, నరాల బలహీనత" అని బలం మాత్రలు రాశాడు. మరొకరు "మనసులో దిగులు" అన్నారు. ఇంట్లో అందరికీ అది అనుకూలమైన మాట. ఆమెకు దిగుళ్ళు లేవా అంటే, ఏ సంసారంలో లేవు?

చెప్పడానికి సిగ్గుగా ఉన్నా దాచను. అప్పుడే ఎం.ఏ. పట్టా చేతికి వచ్చి, కనబడిన పుస్తకమల్లా చదివే రోజులు. ఆడవాళ్ళకు ఇలా గొంతులో ఉండలా తోచడాన్ని ఇంగ్లీషు వైద్యులు హిస్టీరియా అనేవారని ఎక్కడో చదివాను. సెలవులకు పుంగనూరు వెళ్ళినప్పుడు చిన్నమ్మ మంచం మీద కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని, "ఇది శరీరంలో జబ్బు కాదు చిన్నమ్మా, మనసులో పుట్టింది. పుస్తకాల్లో రాసి ఉంది. నువ్వు దాన్ని తలుచుకోకు" అని చెప్పాను. చదువుకున్న పిల్ల చెప్పింది కదా అని ఆమె నమ్మింది. ఆ తర్వాత ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు.

కాని ఆమె పళ్ళెంలో ఒక మార్పు వస్తోంది. దాన్ని మేమెవరమూ చూడలేదు. మా సీమలో అన్నం కంటే ముందు సంగటి. రాగి సంగటి ముద్దను నమలరు. చిన్న ఉండ తుంచి, పప్పులోనో ఊరుబిండిలోనో అద్ది గుటుక్కున మింగుతారు. చిన్నమ్మ మొదట ముద్ద చిన్నది చేసింది. తర్వాత సంగటిని మజ్జిగలో పిసుక్కుంది. ఆ తర్వాత "నాకు జావ చాలు" అంది. ఏడాది తిరిగేసరికి జావ కూడా గుక్క గుక్కకీ ఆగి తాగేది. మనిషి పాలిపోయింది. పెదవుల మూలలు పగిలాయి. అప్పుడు రాయవేలూరు తీసుకెళ్ళారు. వాళ్ళు గొట్టం వేసి చూసి, రక్తంలో ఇనుము ఎన్నో ఏళ్ళుగా తక్కువై అన్నవాహిక పైభాగాన ఒక పొర కట్టిందనీ, దాని దగ్గరే పుండు లేచి ముదిరిందనీ చెప్పారు. ఆమె ఆరు నెలలు బతికింది.

నాకిప్పుడు నలభై ఆరు. వెలక్కాయ వచ్చి కూర్చున్న రోజు నుంచీ నా మనసులో ఏం తిరుగుతోందో వేరే చెప్పనక్కర లేదు.

సంగటి పరీక్ష

అమ్మకు డెబ్భై ఏళ్ళు. చదువు లేదు. నేను పుంగనూరు వెళ్ళి సంగతి చెప్పగానే ఆమె నా నాలుక చూడలేదు, గొంతు తడమలేదు. పొయ్యి మీద ఎసరు పెట్టి సంగటి కెలికింది. పొగలు కక్కే ముద్ద నా పళ్ళెంలో పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"తినుమే. దిగతా ఉండాదా?"

"దిగుతోందమ్మా."

"నీళ్ళు తాగకుండా మింగు."

మింగాను. దిగింది. ఇంకా చిత్రం ఏమంటే తింటున్నంతసేపూ ఆ ఉండ జాడ లేదు. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాక మెల్లగా తిరిగి వచ్చింది. ఆ మాటే అమ్మతో అన్నాను.

"అట్లయితే నీది దానిది కాదులే" అంది అమ్మ. ఆ "దానిది" అంటే ఎవరిదో ఇద్దరికీ తెలుసు. "అయినా డాక్టరుకు చూపించుకో. ఆ పొద్దు మనం చూడలేదు."

మా చెల్లెలు కుప్పంలో ఉంటుంది. అక్కడ వైద్య కళాశాల ఉంది కనుక చూపించుకోవడానికి వీలని ఆమె పట్టుబట్టింది. పుంగనూరు నుంచి పలమనేరు, వి.కోట మీదుగా బస్సులో వెళ్ళాను. ఏనుగులు తిరిగే కౌండిన్య అడవుల అంచు. తెలుగు, తమిళం, కన్నడం ఒక్క వాక్యంలో కలిసి వినబడే ప్రాంతం. మామూలు రోజుల్లో నాకు అదొక పండుగ. ఆ రోజు మాత్రం దారి పొడుగునా గుటకలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

కుప్పంలో చూసిన చెవి, ముక్కు, గొంతు డాక్టరు నా ఈడు మనిషి. చెప్పిందంతా విని, "మేడం, తినేటప్పుడు ఎక్కువవుతుందా, తగ్గుతుందా?" అని మొదటి ప్రశ్న వేసింది. నాకు నవ్వాగలేదు. మా అమ్మ సంగటి పరీక్ష సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. "మీ అమ్మగారు అడిగిందే నేనూ అడుగుతున్నాను. ఆ ప్రశ్నలోనే సగం వైద్యం ఉంది" అంది.

మెడ అంతా తడిమి చూసింది. ముక్కు గుండా సన్నటి గొట్టం పంపి, చివరనున్న కెమెరాతో స్వరతంత్రుల వరకూ చూసి, తెర మీద నాకే చూపించింది. రక్తం, థైరాయిడ్ పరీక్షలు చేయించింది. చిన్నమ్మ కథ విన్నాక, కుటుంబంలో అలా జరిగింది కనుక నా ధైర్యం కోసమైనా అని, అన్నవాహిక కూడా చూపించింది. అన్నీ సరిగానే ఉన్నాయి.

"అయితే ఇది లేదన్నమాటేనా?" అన్నాను.

"లేదని ఎవరన్నారు? ఉంది. ఉండ లేదు, ఉండ ఉన్నట్టు తోచడం ఉంది. తోచడం అబద్ధం కాదు."

ఆ మాటకు నాకు గొంతు పూడుకుపోయింది. ఇరవై ఏళ్ళ కిందట చిన్నమ్మ మంచం మీద కూర్చుని నేను చెప్పవలసిన మాట అది.

వెలక్కాయకు వెయ్యి పేర్లు

ఇంటికి వచ్చాక ఈ జబ్బు పూర్వాపరాలు చదివాను. ఇది కొత్తది కాదు. గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు కాలానికే తెలుసు. చైనా వైద్యులు సుమారు 1800 ఏళ్ళ కిందటే, గొంతులో కాల్చిన మాంసపు ముక్క ఇరుక్కున్నట్టు ఉంటుందని రాశారు. తర్వాత తర్వాత దానికి ప్లమ్ పండు గింజ పేరు పెట్టారు. మన సుశ్రుతుడు గొంతు రోగాల పట్టికలో "గిలాయువు" అనేదాన్ని చెప్పాడు. ఉసిరిగింజంత గ్రంథి, తిన్న అన్నం అక్కడే చిక్కుకున్నట్టు తోస్తుంది. అది నిజమైన గ్రంథి గురించే గాని, రోగి పడే బాధను మాత్రం ఉన్నదున్నట్టు పట్టుకున్నాడు. చైనావాళ్ళకు ప్లమ్ గింజ, సుశ్రుతుడికి ఉసిరిగింజ, తెలుగువాడికి వెలక్కాయ! పండు పెద్దదైతే బాధా పెద్దదే కాబోలు.

పాశ్చాత్యులు లాటిన్‌లో ఉండ అనే అర్థంతో "గ్లోబస్" అన్నారు. దానికి "హిస్టీరికస్" అని తోక తగిలించారు. హిస్టీరియా అనే మాటకు మూలం గర్భాశయం అనే గ్రీకు పదం. అంటే ఇది ఆడవాళ్ళ చాపల్యమని తీర్మానం! 1707లో జాన్ పర్సెల్ అనే వైద్యుడు మెడ కండరాలు బిగిసి గొంతు మృదులాస్థిని నొక్కడం వల్ల ఇలా తోస్తుందని ఊహించాడు. అయినా పేరు మారలేదు. 1968లో మాల్కమ్‌సన్ అనే వైద్యుడు, ఈ బాధతో వచ్చేవాళ్ళలో చాలామందికి హిస్టీరియా లక్షణాలే లేవని గమనించి, "గ్లోబస్ ఫారింజిస్" అనాలన్నాడు. అంటే గొంతులో ఉండ, అంతే. నేను చిన్నమ్మకు హిస్టీరియా పాఠం చెప్పే నాటికే ఆ మాట పాతబడి మూడు పదులు దాటింది. సగం చదువు ఎంత చెరుపో చూడండి.

ఇది ఎంత సామాన్యమంటే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో నూటికి 45 మంది దాకా ఎప్పుడో ఒకప్పుడు దీన్ని ఎరుగుదురట. చెవి, ముక్కు, గొంతు వైద్యుల దగ్గరికి కొత్తగా వచ్చేవాళ్ళలో నూటికి నలుగురు దీనితోనే వస్తారు. ఆడా మగా ఇద్దరికీ వస్తుంది. నడివయసులో ఎక్కువ. డాక్టరు దగ్గరికి వెళ్ళేది ఎక్కువగా ఆడవాళ్ళు.

లేని ఉండ ఎందుకు తోస్తుంది?

డాక్టరు నాకు చెప్పినదాన్ని నా మాటల్లో చెబుతాను.

అన్నవాహిక పైన ద్వారపాలకుడి వంటి ఒక కండరం ఉంది. అది ఎప్పుడూ మూసుకునే ఉంటుంది. గుటక వేసినప్పుడు క్షణకాలం తెరుచుకుని మళ్ళీ మూసుకుంటుంది. రోజుకు సుమారు 600 సార్లు మనం గుటక వేస్తాం. మనకు తెలియనే తెలియదు. ఆ ద్వారపాలకుడు అవసరానికి మించి బిగుసుకుంటే మాత్రం అతని ఉనికి మనకు తెలుస్తుంది. అదే ఉండ.

అతను బిగుసుకోవడానికి కారణాలు చాలా. మొదటిది కడుపులో పులుపు పైకి ఎగదన్నడం. అది గొంతుదాకా వచ్చి ఒరుసుకోవచ్చు. గొంతుదాకా రాకపోయినా, కింద మంట పుడితే పైన తలుపు బిగుసుకోవచ్చు. రాత్రి పొద్దుపోయి తిని వెంటనే పడుకోవడం, కాఫీలు, పొగాకు దీన్ని పెంచుతాయి. రెండోది ముక్కు వెనక నుంచి గొంతులోకి కారే చీమిడి. మూడోది టాన్సిళ్ళు, నాలుక మొదట్లో ఉండే గ్రంథులు ఉబ్బడం. నాలుగోది థైరాయిడ్ పెరగడం. అయిదోది మెడ ఎముకల అరుగుదల. కొందరికి అన్నవాహిక పైభాగాన, కడుపులో ఉండవలసిన పొర చిన్న మచ్చలా ఉంటుంది. అదీ ఒక కారణమే. ఇక నాబోటి వాళ్ళకు గంటల తరబడి ఎండిన గొంతుతో అరవడం.

మనసు మాటేమిటి? అదీ ఉంది. దుఃఖం వచ్చినప్పుడు ఎక్కువ గాలి పీల్చడానికి వీలుగా శరీరం గొంతు ద్వారాన్ని వెడల్పుగా తెరిచి ఉంచుతుంది. గుటక వేయాలంటే అది మూసుకోవాలి. ఈ పెనుగులాటే మనకు ఉండలా తోస్తుందని శరీరశాస్త్రం తెలిసినవాళ్ళు చెబుతారు. దుఃఖాన్ని "దిగమింగుకోవడం" అన్న మన పూర్వులు, గొంతు బిగిసిన మాటను "డగ్గుత్తిక" అన్నవాళ్ళు ఎంత సూక్ష్మగ్రాహులో! ఆందోళన వస్తే కండరం బిగుస్తుంది. బిగిసిన కండరం ఆందోళన పెంచుతుంది. పరీక్షించడానికి మళ్ళీ మళ్ళీ గుటక వేస్తాం. నోట్లో లాలాజలం అయిపోయి ఉత్త గుటకలు మిగులుతాయి. ఉత్త గుటక కష్టంగానే దిగుతుంది. "చూశావా, అడ్డం ఉంది!" అనుకుంటాం. సకిలించిన కొద్దీ గొంతు గీసుకుపోతుంది. ఇది గానుగ. ఎద్దు మనమే.

ఎప్పుడు భయపడాలి?

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఈ భాగమే. తక్కిందంతా మరచిపోయినా దీన్ని గుర్తుంచుకోండి.

తినేటప్పుడు తగ్గి, ఊరికే ఉన్నప్పుడు తోచే ఉండ చాలావరకు నిరపాయమైనది. తినేటప్పుడు అడ్డం పడేది వేరు. ముద్ద నిలిచిపోవడం, మింగితే నొప్పి, చూస్తూ ఉండగా బరువు తగ్గడం, మూడు వారాలు దాటిన బొంగురు గొంతు, మెడలో చేతికి తగిలే గడ్డ, ఉమ్మిలో రక్తం, ఒక పక్కనే నొప్పి, గొంతుతో పాటు ఒక చెవి పోటు... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకూడదు. బీడీ, చుట్ట, గుట్కా, వక్కాకు, సారాయి అలవాటున్నవాళ్ళు మరీనూ.

చిన్నమ్మకు వచ్చిన ఇనుము లోపపు పొర నడివయసు ఆడవాళ్ళలో కనిపిస్తుంది. మనిషి పాలిపోవడం, పెదవుల మూలలు పగలడం, గోళ్ళు గరిటెల్లా గుంటలు పడటం దాని గుర్తులు. మొదట్లోనే పట్టుకుంటే ఇనుము మాత్రలతోనూ, పొరను సాగదీసి విడగొట్టడంతోనూ సుఖంగా మింగగలరు. నిర్లక్ష్యం చేస్తే కొందరిలో అది పుట్టకురుపుకు దారి తీస్తుంది. ఒకప్పుడు స్వీడన్ దేశపు స్త్రీలలో ఈ జబ్బు బాగా ఉండేది. తిండి మెరుగుపడి, ఇనుము అందాక అది బాగా తగ్గిపోయింది. అంటే తలరాత కాదన్నమాట.

నా వెలక్కాయ ఏమైంది?

డాక్టరు నాకు కొన్ని వారాలపాటు పులుపు తగ్గించే మాత్రలు ఇచ్చింది. అవి అందరికీ పనిచేయవని ముందే చెప్పింది. రాత్రి భోజనం పడకకు మూడు గంటల ముందు ముగించమంది. తలవైపు మంచం కోళ్ళ కింద చెక్కలు పెట్టమంది. ఏడు కాఫీలు రెండయ్యాయి. సకిలించాలనిపించినప్పుడల్లా ఒక గుక్క నీళ్ళు తాగమంది. క్లాసుకు నీళ్ళ సీసా తీసుకెళుతున్నాను. ఆవలించడం, గాలి నమలడం వంటి గొంతు వ్యాయామాలు కూడా ఉన్నాయి. వాటిని స్టాఫ్‌రూములో చేసే ధైర్యం నాకింకా రాలేదు.

నెల తిరిగేసరికి సగం తగ్గింది. నిజం చెప్పాలంటే, తెర మీద నా గొంతు నేను చూసుకున్న రోజే పావువంతు తగ్గింది. ఇప్పటికీ పరీక్షల రోజుల్లో ఒక్కోసారి పలకరించి పోతుంది. పాత చుట్టం వచ్చినట్టు రానిస్తాను, పొమ్మనను. కాసేపు కూర్చుని తనే పోతుంది.

భాగవతంలో క్షీరసాగర మథనం పాఠం చెప్పినప్పుడల్లా శివుడు హాలాహలాన్ని మింగకుండా, కక్కకుండా గొంతులోనే నిలుపుకున్నాడని చెబుతాను. అది దేవుడికి చెల్లింది. మనుషులం మనం, గొంతులో ఉన్నదాన్ని ఎవరితోనైనా చెప్పుకోవాలి. చిన్నమ్మ చెప్పింది. విన్నవాళ్ళం మేము సరిగా వినలేదు.

మొన్న సంక్రాంతికి పుంగనూరు వెళ్ళాను. వంటింట్లో అందరం వరసగా కూర్చున్నాం. అమ్మ వడ్డిస్తూ ఒక్కొక్కరి పళ్ళెం కేసి చూస్తోంది. మా మేనకోడలు సంగటి వదిలేసి మజ్జిగ అన్నం అడిగింది.

"ఏం మే, ఎందుకు? దిగడం లేదా?" అంది అమ్మ, చేతిలో గరిటె అలాగే పట్టుకుని.

"కాదవ్వా, నాకు సంగటి ఇష్టం లేదు!" అంది పిల్ల.

అమ్మ మాటాడలేదు. ఒక చిన్న ఉండ తుంచి, పప్పులో అద్ది, పిల్ల నోటికి అందించింది. అది మింగేదాకా చూసి, అప్పుడు మజ్జిగ పోసింది.